నైలు కొలబద్ద నేర్పిన పరిశోధనా పద్ధతి

పరిసరాలను గురించి గాని, సమాజాన్ని గురించి గాని పరిశోధన చేయదలచిన విద్యార్థికి గుమ్మంలోనే ఎదురయ్యేది గణాంక శాస్త్రం. సగటు, విచలనం, నమూనా, సహసంబంధం అనే మాటలతో పాఠ్యగ్రంథం మొదలవుతుంది. సూత్రాలను కంఠస్థం చేసి పరీక్షలో నెగ్గినవారు కూడా, నిజమైన అంకెల పట్టిక ఒకటి చేతికి రాగానే తడబడటం కద్దు. ఎందుకంటే సూత్రం అంకెతో మొదలవుతుంది. పరిశోధన అంతకుముందే మొదలవుతుంది. ఈ అంకెను ఎవరు రాశారు? దేనితో కొలిచారు? దాని వల్ల లాభపడేది ఎవరు? లెక్కలోకి రాకుండా పోయినదెవరు? ఈ ప్రశ్నలు వేయనివాడికి ఎంత గొప్ప సూత్రమైనా పనికిరాదు.

ఈ ప్రశ్నలన్నింటినీ ఒకేచోట నేర్చుకొనడానికి ముస్లిముల చరిత్రలో చక్కని పాఠశాల ఒకటి ఉన్నది. అది కైరో నగరంలో, నైలు నది మధ్య రౌదా ద్వీపపు దక్షిణపు కొసన ఉన్న 'మిఖ్యాస్', అంటే నీటి కొలబద్ద. దాని చుట్టూ వెయ్యి సంవత్సరాలకు పైగా పోగుపడిన లెక్కలు, వాటిని గురించి మన చరిత్రకారులు చేసిన చర్చలు నేటి విద్యార్థికి కూడా పాఠాలే.

కట్టడం - దాని ప్రయోజనం

ఈజిప్టులో వాన దాదాపు కురవదు. పూర్వం పంటకు ఆధారం నైలు వరద ఒక్కటే. ఇథియోపియా ఎత్తుభూముల్లో కురిసిన వాన వేసవి చివర ఈజిప్టుకు చేరి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నది పొంగి పొలాల మీదికి పారి, నీరు తీసిన తరువాత నల్లని ఒండ్రును మిగిల్చిపోయేది. నీరు చాలకపోతే కరువు, మితిమీరితే ముంపు. అందుచేత నది ఏ యేడు ఎంత ఎత్తుకు వచ్చిందో తెలుసుకొనడం ఫరోల కాలం నుంచీ ఆ దేశంలో ఉన్న ఆచారమే.

రౌదా ద్వీపంలో ఉమయ్యద్ ఖలీఫా సులైమాన్ బిన్ అబ్దుల్ మలిక్ కాలంలో, క్రీ.శ. 715లో ఒక కొలబద్ద వెలిసింది. దాని స్థానంలో అబ్బాసీ ఖలీఫా అల్ ముతవక్కిల్ ఆజ్ఞపై హిజ్రీ 247, అంటే క్రీ.శ. 861లో కట్టినదే నేటికీ నిలిచి ఉన్నది. రాతితో కట్టిన లోతైన బావి; నదిలో నుంచి వేర్వేరు ఎత్తుల్లో మూడు సొరంగాల ద్వారా నీరు లోనికి వచ్చేది. నడుమ ఎనిమిది పలకల పాలరాతి స్తంభం. దాని మీద మూరలు, వేళ్ల గుర్తులు. గోడల మీద కూఫీ లిపిలో నీటిని, పచ్చదనాన్ని ప్రస్తావించే ఖుర్ఆన్ వాక్యాలు. నది అలలతో అల్లకల్లోలంగా ఉన్నా బావిలో నీరు నిలకడగా ఉండేది. కొలత నిక్కచ్చిగా రావాలంటే కొలిచే చోటును ముందుగా కుదుటపరచాలన్న జ్ఞానం ఆ కట్టడంలోనే ఇమిడి ఉన్నది.

వరద పదహారు మూరలకు చేరితే 'వఫా', అంటే పూర్తి అయినట్లు. అప్పుడు నగరపు కాలువకు గండి కొట్టి పండుగ చేసేవారు. అప్పుడే ప్రభుత్వానికి పూర్తి భూమిశిస్తు వసూలు చేసే హక్కు కలిగేది. ఇక్కడ ఆగి ఒక్క క్షణం ఆలోచించాలి. ఒక స్తంభం మీది గుర్తు రైతు ఇంటి ధాన్యపు గాదెను, ఖజానాను, అంగట్లో రొట్టె ధరను ఒకేసారి నిర్ణయించేది. అటువంటి అంకెను సరిగా చదవడం కేవలం సాంకేతికమైన పని కాదు. అది న్యాయానికి సంబంధించిన పని.

కొలిచేవాని విశ్వసనీయత

అంతకుముందు ఈ కొలత పని స్థానిక క్రైస్తవుల చేతిలో ఉండేది. కొత్త కొలబద్ద కట్టిన తరువాత ఆ బాధ్యత అబుర్రద్దాద్ అనే ఆయనకు అప్పగించారు. ఆయన బస్రా నుంచి ఈజిప్టుకు వచ్చి స్థిరపడిన హదీసు ఉల్లేఖకుడు. ఆ ఉద్యోగం తరువాత శతాబ్దాల తరబడి ఆయన వంశంలోనే సాగింది. నీటి మట్టాన్ని చూసి చెప్పే పనికి హదీసు విద్య తెలిసిన వ్యక్తిని ఎన్నుకొనడం గమనింపదగినది. చూసినదాన్ని చూసినట్లు చెప్పడం, విన్నదాన్ని ఎవరి నుంచి విన్నదీ పేర్కొనడం, కల్పించి చెప్పేవాడిని పక్కన పెట్టడం - హదీసు శాస్త్రానికి ఇవి పునాదులు. ఆ శాస్త్రంలో ఉల్లేఖకుల గుణదోషాలను విచారించే 'రిజాల్' గ్రంథాలు పెద్ద భాగం. వాటిలో ప్రసిద్ధమైన ఇబ్న్ హజర్ అస్ఖలానీ 'తహ్‌జీబుత్ తహ్‌జీబ్' ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ ముద్రణాలయం నుంచే పన్నెండు సంపుటాలుగా వెలువడిన సంగతి పాఠకులలో కొందరికైనా తెలిసే ఉంటుంది.

అయితే ఒక తేడాను మరువరాదు. సాక్షి నిజాయితీపరుడు అయినంత మాత్రాన అంకె సరియైనదని అనలేము. అతని చేతిలోని కొలత పరికరమే మారిపోయి ఉండవచ్చు. గణాంక విద్యార్థి నేర్వవలసిన రెండవ పాఠం ఇదే.

మూర మారితే లెక్క మారుతుంది

పదవ శతాబ్దికి చెందిన చరిత్రకారుడు మసూదీ నైలు కొలతను వర్ణిస్తూ ఒక ముఖ్యమైన వివరం ఇచ్చాడు. పన్నెండు మూరల వరకు మూరకు ఇరవై ఎనిమిది వేళ్లు. ఆపైన మూరకు ఇరవై నాలుగే. ఈ లెక్కన పదహారు మూరలంటే ఎంతో చూద్దాం. మొదటి పన్నెండుకు 336 వేళ్లు, తక్కిన నాలుగింటికి 96 వేళ్లు, మొత్తం 432. దీనిని ఇరవై నాలుగు వేళ్ల మూరలతో భాగిస్తే సరిగ్గా పద్దెనిమిది మూరలు వస్తుంది. అంటే ఒకే నీటి మట్టాన్ని ఒకడు పదహారు అనవచ్చు, మరొకడు పద్దెనిమిది అనవచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పినవారు కారు.

పదకొండవ శతాబ్దంలో, 1047 నుంచి కొంతకాలం కైరోలో గడిపిన పర్షియన్ యాత్రికుడు నాసిర్ ఖుస్రో, సుల్తాను శిస్తుకు కావలసిన మట్టం పద్దెనిమిది మూరలని రాశాడు. ఇది చూసిన విద్యార్థి ఏమనుకోవాలి? కొలమానం తేడా వల్ల అలా వచ్చిందనవచ్చు. మరొక కారణం కూడా ఉన్నది. ఏటేటా ఒండ్రు పేరుకొని నది అడుగు, పొలాల మట్టం శతాబ్దాల మీద మెల్లగా పైకి లేస్తాయి. స్తంభం మాత్రం కదలదు. కనుక ఒక కాలంలో పొలాలన్నీ తడిపిన పదహారు మూరలు తరువాతి కాలంలో చాలవు. రెండు కారణాలూ సాధ్యమే. మొదట తట్టిన కారణాన్ని పట్టుకొని ఆగిపోకుండా, రెండింటినీ ఎదురెదురుగా నిలిపి, ఏది నిజమైతే తక్కిన సాక్ష్యం ఎలా ఉండాలో వెదకడమే పరిశోధన.

మూడవ చిక్కు పంచాంగానిది. మన చరిత్రకారులు వరదను హిజ్రీ సంవత్సరాల వారీగా నమోదు చేశారు. పదిహేనవ శతాబ్దపు ఇబ్న్ తగ్రీ బర్దీ తన బృహత్ చరిత్రలో ఏటి చివర ఆ యేటి కనిష్ఠ, గరిష్ఠ మట్టాలను వరుసగా ఇచ్చాడు. కాని హిజ్రీ సంవత్సరం చాంద్రమానం. వరద సూర్యుని అనుసరించి వస్తుంది. ముప్పయిమూడు హిజ్రీ సంవత్సరాలలో వచ్చే వరదలు ముప్పయిరెండే. శిస్తు వసూలులో కూడా ఇదే ఇబ్బంది కలిగి, పంటల సంవత్సరాన్ని హిజ్రీ సంవత్సరంతో సరిపెట్టేందుకు ప్రభుత్వాలు అప్పుడప్పుడు ఒక సంవత్సరాన్ని లెక్కలో దాటవేయవలసి వచ్చేది. ఈ సంగతి తెలియక పట్టికను యథాతథంగా తీసుకున్నవాడు లేని వరదను ఉన్నదనుకొంటాడు.

ఇంకొక మాట. ఆ పట్టికలు హిజ్రీ మొదటి సంవత్సరం, అంటే క్రీ.శ. 622 నుంచే మొదలవుతాయి. ఈజిప్టు ముస్లిముల పాలనలోకి వచ్చింది 641-42లో; రౌదాలో కొలబద్ద వెలిసింది 715లో. కనుక తొలి దశాబ్దాల అంకెలు మరొకచోట, మరొకరు కొలిచినవైనా కావాలి, తరువాత చేర్చినవైనా కావాలి. పొడవైన పట్టిక ఎదురైనప్పుడు అది ఒకే చేతి మీదుగా వచ్చిందా, అతుకులు ఉన్నాయా అని చూడటం అవసరం.

అంకెను చాటడమా, దాచడమా

నాసిర్ ఖుస్రో చూసిన కైరోలో వరద రోజుల్లో దండోరావాళ్లు వీధుల వెంట తిరుగుతూ నేడు నది ఇన్ని వేళ్లు పెరిగిందని చాటేవారు. అంతకు దాదాపు డెబ్బై అయిదేళ్ల ముందు, 973లో (హిజ్రీ 362), ఫాతిమీ ఖలీఫా అల్ ముయిజ్ ఇందుకు విరుద్ధమైన ఆజ్ఞ ఇచ్చాడు. పదహారు మూరలు పూర్తయ్యే వరకు మట్టాన్ని బహిరంగంగా చాటరాదు. తనకు, సేనాని జౌహర్‌కు మాత్రమే రాసి పంపాలి. దీనిని నమోదు చేసిన మక్రీజీ ఇది మంచి ఆలోచన అని మెచ్చుకొన్నాడు. నది ఒకటి రెండు రోజులు ఆగితే చాలు, జనం కంగారుపడి ధాన్యం దాచుకొనడం, వర్తకులు ధర పెంచడం జరిగేది. నది లోపం వల్ల రాని కరువు మాట వల్ల వచ్చేది.

సామాజిక శాస్త్రాలకు, ప్రకృతి శాస్త్రాలకు ఉన్న ఒక పెద్ద తేడా ఇందులో కనబడుతుంది. నీటిని కొలిచినందువల్ల నది మారదు. కాని కొలతను విన్న మనిషి మారుతాడు. జనాభా, ధరలు, రోగాలు మొదలైన లెక్కలు సేకరించేవారికి ఈ చిక్కు నేటికీ తప్పదు. అల్ ముయిజ్ పరిష్కారం సరియైనదేనా అన్నది వేరే ప్రశ్న. అంకె పాలకుని గుప్పిట్లో ఉంటే పేదవాడి భయాన్ని తగ్గించడానికి ఉపయోగపడవచ్చు. అదే గుప్పిట్లో నుంచి తప్పుడు అంకె కూడా బయటికి రావచ్చు. శిస్తు వసూలు చేసుకొనేవాడే కొలతను దాచే అధికారం కలిగి ఉండటంలోని ప్రమాదాన్ని విద్యార్థి గుర్తించాలి.

లెక్కకు రానివారు

హిజ్రీ 596లో, అంటే 1200లో, నైలు పన్నెండు మూరల ఇరవై ఒక్క వేళ్లకు చేరి ఆగిపోయింది. ఆ కాలంలో కైరోలో ఉండి అజ్‌హర్‌లో విద్య బోధించిన బగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్ (1162-1231) తాను చూసినదంతా 'కితాబుల్ ఇఫాదా వల్ ఇతిబార్' అనే చిన్న గ్రంథంలో రాశాడు. ఆయన మొదట పాత లెక్కలు తిరగవేశాడు. హిజ్రత్ నాటి నుంచి ఇంతకన్నా తక్కువ వరద వచ్చినది హిజ్రీ 356లో ఒక్కసారే, అప్పుడు ఇంకా నాలుగు వేళ్లు తక్కువ అని తేల్చాడు. ఒక సంవత్సరపు అంకెకు అర్థం దాని పక్కన నిలిచే వందల సంవత్సరాల అంకెల వల్లనే వస్తుందని ఆయన ఎరుగును.

తరువాత వచ్చిన కరువు, రోగం భయంకరమైనవి. ప్రభుత్వం తరపున కఫన్ కట్టి ఖననం చేసిన శవాల లెక్కను దివాన్‌లో రాసేవారు. ఇరవై రెండు నెలల్లో ఆ సంఖ్య సుమారు 1,11,000కు చేరింది. మరొకడైతే ఇంత పెద్ద అంకె దొరికినందుకు దానితోనే తృప్తిపడేవాడు. అబ్దుల్ లతీఫ్ మాత్రం వెంటనే హెచ్చరించాడు: ఇది చాలా తక్కువ లెక్క, ఇళ్లలో చనిపోయినవారు, నగరపు అంచుల్లో గోడల పక్కన పడిపోయినవారు, ఊళ్లలో, దారుల్లో పోయినవారు ఇందులో లేరు. దివాన్ గుమాస్తా తప్పు రాయలేదు. కాని అతని పుస్తకం తన వద్దకు వచ్చిన శవాన్ని మాత్రమే ఎరుగును. అత్యంత నిరుపేద, ఎవరూ లేనివాడు, దూరపు పల్లెవాడు - లెక్కలో మొదట తప్పిపోయేది వీరే. ఎనిమిది శతాబ్దాలు గడిచినా ఈ నియమంలో మార్పు లేదు. మరణాల పట్టికను చూసినప్పుడు ఇందులో ఉన్నదెవరు అని అడిగినంత గట్టిగా, లేనిదెవరు అని కూడా అడగాలి.

ఆ కరువు మిగిల్చిన ఎముకల గుట్టల నుంచే ఆయన మరొక పాఠం తీశాడు. గ్రీకు వైద్యుడు గాలెన్ మనిషి కింది దవడ రెండు ఎముకల కలయిక అని రాశాడు. వెయ్యేళ్లుగా అందరూ అదే చదివారు. అబ్దుల్ లతీఫ్ తన వెంట వచ్చినవారితో కలిసి రెండు వేలకు పైగా కపాలాలను పరీక్షించి, దవడ అతుకు లేని ఒకే ఎముక అని నిర్ధారించాడు. ఒకటి చూసి చాలించలేదు. తాను చూశాడు, ఇతరులచేత చూపించాడు, మరొకచోటి పాత సమాధుల్లో కూడా చూశాడు. వెన్ను అడుగున ఉండే త్రికాస్థి విషయంలో మాత్రం ఎముకలు అన్నిచోట్లా ఒకే విధంగా కనబడలేదని దాచకుండా రాశాడు. పెద్ద నమూనా, పునఃపరీక్ష, తనకు అనుకూలం కాని ఫలితాన్ని కూడా చెప్పడం - నేటి పరిశోధనా పద్ధతుల గ్రంథాలు పెక్కు పుటల్లో బోధించేది ఇదే.

కారణం ఏది?

నది తగ్గినప్పుడు కరువు వస్తుంది. కనుక కరువుకు కారణం నది. ఈ వాదం పైకి తిరుగులేనిదిగా తోస్తుంది. మక్రీజీ 1405లో (హిజ్రీ 808) రాసిన 'ఇగాసతుల్ ఉమ్మా'లో దీనిని ప్రశ్నించాడు. ఈజిప్టు చరిత్రలోని కరువులను వరుసగా పేర్కొని, తన కాలపు కష్టాలకు నది ఒక్కటే కారణం కాదన్నాడు. పదవులను లంచాలకు అమ్మడం, ఆ డబ్బు రాబట్టుకొనడానికి అధికారులు ప్రజలను పిండడం. భూముల కౌలు విపరీతంగా పెరగడం. వెండి బంగారాల స్థానంలో రాగి నాణేలు వెల్లువెత్తి ధరలు ఎగబాకడం - ఈ మూడింటిని ఆయన కారణాలుగా చూపాడు. సహసంబంధానికి, కారణానికి మధ్య ఉన్న తేడాను ఇంతకంటె తేటగా చెప్పే ఉదాహరణ అరుదు. నది నెపం మీద తప్పించుకొనజూసే పాలకునికి ఆ గ్రంథం సమాధానం.

మక్రీజీ గురువులలో ఒకడు ఇబ్న్ ఖల్దూన్. 1377లో రాసిన 'ముఖద్దిమా'లో ఆయన చరిత్రకారులు పెద్ద అంకెలను పరీక్షించకుండా మోసుకొని వస్తారని విమర్శించాడు. మూసా ప్రవక్త (అలైహిస్సలామ్) వెంట ఆరు లక్షల మంది ఆయుధధారులు ఉన్నారన్న మసూదీ కథనాన్ని తీసుకొని, కొద్ది తరాల్లో ఒక కుటుంబం అంతగా పెరగగలదా, అంత సేన ఒక రంగంలో నిలువగలదా అని ప్రశ్నించాడు. ఉల్లేఖకుని గుణం చూడటమే గాక, సమాజపు స్వభావానికి ఆ వార్త పొసగుతుందా అని కూడా చూడాలన్నది ఆయన పద్ధతి.

ఏడు మంచి యేళ్లు, ఏడు గడ్డు యేళ్లు

ఆధునిక కాలంలో ఈ కొలబద్ద లెక్కలు గణాంక శాస్త్రాన్నే ఒక మలుపు తిప్పాయి. ఈజిప్టు యువరాజు ఉమర్ తూసూన్ పాత చరిత్రల నుంచి కూర్చిన నైలు మట్టాలు 1925లో అచ్చయ్యాయి. 1906 నుంచి ఈజిప్టులో పనిచేసిన హెరాల్డ్ ఎడ్విన్ హర్స్ట్ అనే ఆంగ్లేయ జలశాస్త్రజ్ఞుడు, అనేక సంవత్సరాల నీటిని నిలువచేసే జలాశయం ఎంత పెద్దదిగా ఉండాలి అన్న ప్రశ్నకు జవాబు వెదకుతూ ఆ లెక్కలను ఉపయోగించాడు.

ఆయన చేసిన పని ఇది. ప్రతి సంవత్సరం సగటు కంటె ఎంత ఎక్కువో తక్కువో చూసి ఆ తేడాలను వరుసగా కూడుతూ పోవాలి. ఆ మొత్తం చేరిన గరిష్ఠానికి, కనిష్ఠానికి మధ్య దూరమే జలాశయానికి కావలసిన పరిమాణం. ఏ యేడుకు ఆ యేడు సంబంధం లేకుండా, పాచికలు వేసినట్లు వరదలు వస్తే, సంవత్సరాల సంఖ్య వంద రెట్లయినప్పుడు ఆ దూరం దాని వర్గమూలాన్ని అనుసరించి పది రెట్లు పెరగాలి. 1951లో హర్స్ట్ ప్రచురించిన ఫలితాలలో నైలుకు, మరి అనేక ప్రకృతి లెక్కలకు ఘాతాంకం 0.5 కాక సగటున సుమారు 0.73 వచ్చింది. అంటే పది రెట్లు కాదు, దాదాపు ఇరవై తొమ్మిది రెట్లు. అర్థమేమంటే, నిండు యేళ్లు నిండు యేళ్ల వెంట, లోటు యేళ్లు లోటు యేళ్ల వెంట గుంపులుగా వస్తాయి. 1968లో మాండెల్‌బ్రాట్, వాలిస్ అనే శాస్త్రజ్ఞులు దీనికి 'జోసెఫ్ ప్రభావం' అని పేరు పెట్టారు. ఈజిప్టు రాజు కలకు యూసుఫ్ ప్రవక్త (అలైహిస్సలామ్) చెప్పిన అర్థం, ఏడేళ్ల సమృద్ధి, ఏడేళ్ల కరువు, ముందుచూపుతో ధాన్యం నిలువచేయడం మన పాఠకులకు ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా ద్వారా సుపరిచితమే. ఆ పేరు పోలికను బట్టి పెట్టినది మాత్రమే. దివ్యగ్రంథాన్ని సూత్రంతో రుజువు చేయడం గాని, సూత్రాన్ని దివ్యగ్రంథంతో నిలబెట్టడం గాని ఇక్కడ ఉద్దేశం కాదు.

హర్స్ట్ ఫలితం మీద తరువాత వాదోపవాదాలు సాగాయి. నదికి నిజంగా దీర్ఘస్మృతి ఉన్నదా, లేక సగటే కాలక్రమాన జరిగిపోవడం వల్ల అలా కనబడుతున్నదా అని విమర్శకులు అడిగారు. మూర తేడాలు, ఒండ్రు పేరుకొనడం, అతుకుల పట్టిక - ఇంతకుముందు మనం చూసినవన్నీ ఈ ప్రశ్నలో మళ్లీ ప్రాణం పోసుకొంటాయి. గొప్ప సూత్రం కనిపెట్టిన తరువాత కూడా, స్తంభం మీది గుర్తును ఎవరు ఎలా చదివారన్న ప్రశ్న తప్పించుకొనలేనిది.

మన నేల మీద

ఇదంతా దూరదేశపు కథ కాదు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నది పొంగినప్పుడు, నది అడుగు పైకి లేచినందువల్లనే ముంపు వచ్చిందనీ, కరకట్టల ఎత్తు పెంచాలనీ ఇంజనీర్లు అభిప్రాయపడ్డారు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ సుమారు అరవై ఏళ్ల వాన, వరద లెక్కలను పరిశీలించి, అడుగు లేచినట్లు ఆధారం లేదనీ, కారణం ఎగువన కురిసిన అధిక వర్షమనీ చూపాడు. నైలులో ఒండ్రు నిజమైన కారణం. బ్రాహ్మణిలో అది వట్టి ఊహ. ఒకచోటి సత్యాన్ని మరొకచోటికి మోసుకొని పోరాదు. అక్కడి లెక్క అక్కడే చూడాలి. మహలనోబిస్ నెలకొల్పిన భారత గణాంక సంస్థలోనే, ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో చదివిన మన తెలుగువాడు సి. ఆర్. రావు (1920-2023) 1941లో చేరి ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. ఇక 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఎంత వరదకు ఎంత జలాశయం అన్నది రౌదా ద్వీపంలో అడిగిన ప్రశ్నే.

1970లో అస్వాన్ ఎత్తు ఆనకట్ట పూర్తయిన తరువాత నైలు వరద కైరోకు రావడం మానింది. రౌదా స్తంభానికి ఇప్పుడు కొలిచే పని లేదు. చూడవచ్చేవారికి అది ఒక పురాతన కట్టడం. అయినా పరిశోధన నేర్చుకొనే మన యువకులు, యువతులు మనసులోనైనా ఒకసారి ఆ బావి మెట్లు దిగి రావడం మంచిది. అంకె ఒక అమానత్. దానిని కొలిచినవాడు, రాసినవాడు, చాటినవాడు, వాడుకొన్నవాడు అందరూ దానికి జవాబుదారులే. సూత్రాలు కొన్ని నెలల్లో పట్టుబడతాయి. దివాన్ పుస్తకంలో 1,11,000 అని చూసి, గోడ పక్కన పడిపోయినవాడు ఇందులో లేడే అని అడగగల మనస్సును మాత్రం జీవితమంతా సాధన చేసి సంపాదించుకోవలసి ఉంటుంది.